‘కవర్’ చేసిన దీవి

మారిషస్ మీద ఈమధ్య తెలుగులో వస్తున్న యాత్రా వ్యాసాలు ఏది చదివినా ముందెప్పుడో చదివేసినట్టే ఉంటోంది. విమానం దిగుతారు. ఎయిర్‌పోర్టులోనే అద్దెకారు తాళాలు చేతికొస్తాయి. స్టీరింగు కుడివైపు, బండి పోయేది ఎడమవైపు, కాబట్టి ‘అచ్చం మన దగ్గరలాగే’ అని ఒక వాక్యం పడుతుంది. మొదటి రోజు ఉత్తరం: గ్రాండ్ బే, పాంప్లెమూస్ తోటలో తాంబాళాలంత ఆకులున్న కలువలు. రెండో రోజు దక్షిణం: గ్రాండ్ బాసాఁ దగ్గర 108 అడుగుల శివుడు, షామరెల్‌లో ఏడు రంగుల మట్టి, లె మోర్న్ కొండ ముందు సెల్ఫీ. మూడో రోజు పడవ షికారు. చివర్న ముక్తాయింపు: ‘చిన్న దీవే కదా, నాలుగు రోజుల్లో మొత్తం కవర్ చేసేశాం.’

నా తగాదా ఆ ఆఖరి వాక్యంతో.

ముందే ఒప్పుకుంటున్నాను, ఆ వాక్యం నేనూ అన్నాను. ఆరు రోజులు అద్దెకారులో తిరిగి, ఇంటికొచ్చి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఫోన్లో ఫొటోలు చూపిస్తూ సరిగ్గా అదే మాట అన్నాను. కవర్ అంటే కప్పెయ్యడం అని కూడా అర్థం ఉందని అప్పుడు తట్టలేదు. తర్వాత తట్టింది కాబట్టే ఈ వ్యాసం.

‘చిన్న దీవి’ అన్న మాట దగ్గర మొదలుపెడదాం. నిజమే, మారిషస్ చిన్నదే. పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. ఎయిర్‌పోర్టు ఆగ్నేయ మూల ఉంటే అక్కణ్ణుంచి రాజధాని పోర్ట్ లూయీ మీదుగా ఉత్తరపు కొస దాకా మంచి రోడ్డుంది. ట్రాఫిక్ లేకపోతే గంటన్నర కూడా పట్టదు. కానీ హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. దాని మీద ఒక చుట్టు తిరిగి, నాలుగు చోట్ల దిగి టీ తాగి, ‘హైదరాబాదు మొత్తం చూసేశానండీ’ అన్నవాణ్ణి మనం ఏమంటాం? మన ఊరి విషయంలో వెంటనే వచ్చే నవ్వు, 12 లక్షల పైచిలుకు జనం ఉన్న ఇంకొకళ్ళ దేశం విషయంలో ఎందుకు రాదు? చిన్నదనం మ్యాపులో ఉంటుంది. మనుషులు బతికే చోటికి చిన్నాపెద్దా ఏముంటుంది?

ఇంకో తిరకాసుంది. చూడాల్సినవాటి జాబితా మనం తయారు చేసుకున్నది కాదు. ఎవరో చేసి పెట్టారు. ఆ జాబితాలో చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్నదంతా మనకి ‘దారి’. కారు అద్దంలోంచి దారి పచ్చగా, అందంగా, ఒకే రకంగా కనిపిస్తుంది. చెరుకు. మళ్ళీ చెరుకు. మా ఆవిడ రెండో రోజుకే, ‘ఇక్కడ చెరుకు తప్ప ఏం లేదా?’ అంది. నేనూ అదే అనుకున్నాను. ఆ చెరుకే ఆ దేశపు కథ అని మా ఇద్దరికీ తెలియలేదు.

మూడో రోజు ఫోన్లో మ్యాపు దారి తప్పించింది. రోడ్డు సన్నబడి, మట్టిబాటై, రెండు పక్కలా కారు కన్నా ఎత్తయిన చెరుకు మధ్య ఒక గొలుసు దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిప్పుకునే చోటు కోసం దిగి చూస్తే, తోట మధ్యలో పెద్ద నల్లరాళ్ళ దిబ్బ ఒకటి కనిపించింది. మెట్లు మెట్లుగా, ఎవరో గుడి కట్టబోయి మానేసినట్టు. అంతకుముందు కూడా దూరం నుంచి ఇలాంటివి చాలా చూశాం. ఏవో శిథిలాలనుకున్నాం. మేకల కోసం గడ్డి కోసుకుంటున్న పెద్దాయన ఒకాయన ఉంటే అడిగాను, ఇదెవరు కట్టారండీ అని. ఆయన తనకొచ్చిన ఇంగ్లీషులో, నాకర్థమయ్యేలా నిదానంగా చెప్పాడు: కట్టలేదు, ఏరారు. చెరుకు వెయ్యాలంటే ముందు రాయి ఏరాలి.

అది అగ్నిపర్వతం నుంచి పుట్టిన దీవి. నేలంతా రాయి. ఆ రాళ్ళు ఏరింది మొదట ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి పట్టుకొచ్చిన బానిసలు, తర్వాత మనవాళ్ళు. బ్రిటిష్ వాళ్ళు 1835లో అక్కడ బానిసత్వం రద్దు చేశారు. పరిహారం ఇచ్చారు, బానిసలకి కాదు, యజమానులకి. చేతులు కావాలి కాబట్టి అప్పటికే ఇండియా వైపు చూశారు. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడలో 36 మంది కూలీలు పోర్ట్ లూయీలో దిగారు. అది ప్రయోగం. ప్రయోగం యజమానులకి బాగా గిట్టుబాటైంది. తర్వాతి ఎనభై తొంభై ఏళ్ళలో దాదాపు 4,50,000 మంది భారతీయులు ఆ రేవులో దిగారు. వాళ్ళలో గంజాం, విశాఖపట్నం, కోరంగి, కాకినాడ వైపు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ళు వేలమంది. 1832-33 గుంటూరు కరువు, 1839లో కోరంగిని ముంచేసిన తుపాను, ఇవన్నీ ఆ కాలంవే. అక్కడ తెలుగువాళ్ళని చాలాకాలం ‘కోరంగీలు’ అన్నారు. ఇవాళ కాకినాడ పక్కన మడ అడవులు చూడ్డానికి వెళ్ళే కోరంగి అదే.

ఒప్పందం అయిదేళ్ళు. మొదట్లో జీతం నెలకి అయిదు రూపాయలు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. ‘డబుల్ కట్’ అనేవారు దాన్ని. ఒప్పందం పూర్తిచేసుకుని బయటపడ్డ ‘పాత’ కూలీకి కూడా స్వేచ్ఛ లేదు. 1867 నాటి చట్టం ప్రకారం తన ఫొటో అంటించిన పాసు ఎప్పుడూ ఒంటిమీద ఉండాలి. అది లేకుండా రోడ్డు మీద దొరికితే దిమ్మరి కింద లెక్క. అరెస్టు. ఈ అన్యాయం మీద 1871లో 9,401 మంది పాత కూలీలు అర్జీ పెట్టుకున్నారు. దాన్ని రాసిపెట్టింది అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లవాడు. దాని ఫలితంగానే 1872లో రాయల్ కమిషన్ వచ్చింది.

ఇప్పుడు మన అద్దెకారు దగ్గరికి రండి. నా లైసెన్సు చూపించి, క్రెడిట్ కార్డు గీకి, పది నిమిషాల్లో ఆ దీవిలో ఎక్కడికైనా వెళ్ళే హక్కు కొనుక్కున్నాను. ఎవరూ ఎక్కడా ఆపలేదు. మా గోదావరి జిల్లా నుంచే వెళ్ళిన ఇంకొకడు అదే రోడ్ల మీద, మూడు నాలుగు తరాల కిందట, జేబులో పాసు లేకుండా పక్క ఎస్టేటుకి నడిచివెళ్ళి చుట్టాన్ని చూసి వస్తే జైలు. ఈ రెండు తిరుగుళ్ళ మధ్య తేడా తెలియకుండా ఆ దీవిలో తిరగడం తప్పు కాకపోవచ్చు. తెలియకుండా తిరిగొచ్చి ‘మొత్తం చూశాం’ అని రాయడం మాత్రం తప్పే.

‘సెలవుకి వెళ్ళినవాడికి ఈ పాఠాలెందుకండీ? సంవత్సరమంతా ఆఫీసులో చచ్చి, ఆరు రోజులు సముద్రం చూసి రాకూడదా?’ అంటారు. శుభ్రంగా చూడొచ్చు. నీళ్ళలో పడుకుని ఏమీ చూడకుండా వచ్చినవాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆయన దేన్నీ చూసినట్టు చెప్పుకోడు. ఫిర్యాదల్లా రాసేవాళ్ళ మీద. పత్రికకి పంపేవాళ్ళ మీద. ‘యాత్రా సాహిత్యం’ అని పుస్తకం వేసేవాళ్ళ మీద. సాహిత్యం అన్నాక పాఠకుడికి ఒక బాకీ పడతాం. హోటలు అద్దె, పెట్రోలు ఖర్చు, శాకాహారం దొరుకుతుందా లేదా అన్నవి చెప్తే ఆ బాకీ తీరదు.

‘అయితే కారు మానేసి బస్సెక్కమంటారా?’ అది కూడా కాదు. బస్సులో తిరిగేవాడు పుణ్యాత్ముడు, కారులో తిరిగేవాడు పాపి అనే వాదన నాకు నచ్చదు. అసలు కారుకున్న సుఖమే వేరు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. విచిత్రం ఏమిటంటే, ఆపుకోగల బండి చేతిలో ఉండి మనం దాన్ని తీర్థయాత్రల స్పెషల్ బస్సులా నడుపుతాం. గంట కొడితే దిగాలి, దణ్ణం పెట్టాలి, ఎక్కాలి. గానుగెద్దుకి కూడా తిరగడం వచ్చు. ఎంత తిరిగినా అది ఏ ఊరూ చూడదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. ఆయనేం కాలినడకన వెళ్ళలేదు. బోయీలు మోసే సవారీలో, పరివారంతో వెళ్ళారు. ఇవాళ్టి ఏ అద్దెకారు కన్నా అది పెద్ద దర్జా. కానీ ‘కాశీయాత్ర చరిత్ర’ తెరిస్తే ప్రతి మజిలీలో ఏమున్నాయో ఉంటుంది: నీళ్ళు, దుకాణాలు, ఇళ్ళు, పంటలు, దారి ఎలాంటిది, ఆ సీమలో మనుషులు ఎలా బతుకుతున్నారు. ఆయనకి కాశీ ముఖ్యమే, అయినా మధ్యలో ఉన్నది ఆయనకి ‘దారి’ మాత్రమే కాలేదు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే తెలుగు కూలీలు ఓడలెక్కడం మొదలుపెట్టారు. అంటే తెలుగు యాత్రా రచనా, తెలుగు వలసా దాదాపు ఒక ఈడువి. రెండొందల ఏళ్ళు కాబోతోంది. ఆ రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవాల్సిన దీవికి వెళ్ళి మనం ఏడు రంగుల మట్టి గురించి రాసి వస్తున్నాం.

జాబితాలో ఉన్నవాటినైనా చూస్తున్నామా? లె మోర్న్ సంగతి చూడండి. 556 మీటర్ల కొండ, సముద్రంలోకి చొచ్చుకొచ్చి ఉంటుంది. మన వ్యాసాల్లో అది ‘అద్భుతమైన బ్యాక్‌డ్రాప్’. ఎస్టేట్ల నుంచి పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ అది. బానిసత్వం రద్దయిందని చెప్పడానికి పోలీసులు కొండెక్కుతుంటే, పట్టుకోడానికే వస్తున్నారనుకుని పైనున్నవాళ్ళు దూకి చచ్చిపోయారని అక్కడి జనం చెప్పుకుంటారు. 2008లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది అందం చూసి కాదు, ఈ జ్ఞాపకం కోసం. కొండ కింద బానిసల స్మారక శిల్పాలున్నాయి. మేం వాటి పక్కనుంచే కారులో వెళ్ళాం. పార్కు అనుకున్నాం.

పోర్ట్ లూయీలో అందరూ కోదాఁ వాటర్‌ఫ్రంట్‌కి వెళ్తారు. షాపులు, గొడుగులు, ఐస్‌క్రీము. అక్కణ్ణుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఆప్రవాసీ ఘాట్ ఉంది. కూలీలని ఓడ దించి, లెక్కరాసి, ఎస్టేట్లకి పంచిన చోటు. 2006 నుంచి అదీ ప్రపంచ వారసత్వ స్థలమే. ప్రతి ఒక్కరూ ఎక్కిన 16 రాతిమెట్లు ఉన్నాయి. పదహారే. ఎక్కడానికి నిమిషం పట్టదు. మొదటిసారి వెళ్ళినప్పుడు మేం ఐస్‌క్రీము తిని వెనక్కి వచ్చేశాం. పార్కింగు టైము అయిపోతోందని.

నీలి సముద్రం గురించి ఎన్ని పేరాలైనా రాస్తాం. 2020 జులై 25న ‘వకాషియో’ అనే ఓడ ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బకెక్కి, ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల నూనె ఆ నీళ్ళలోకి ఒలికింది. అప్పుడు అక్కడి మామూలు జనం చెరుకు ఆకు, జుట్టు గోనెల్లోనూ గుడ్డల్లోనూ కుక్కి, కుట్టి, తెప్పల్లా సముద్రం మీద పరిచి నూనెని ఆపడానికి చూశారు. మేం స్నానం చేసిన తీరం అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ నీలం ఊరికే ఉన్న నీలం కాదు. కాపాడుకున్న నీలం. ఇసక కూడా అంతే. సముద్రపు ఒడ్డున 81 మీటర్ల పైచిలుకు పట్టీ రాజ్యానిదని ఫ్రెంచి కాలం నుంచీ ఉంది. బీచి అందరిదీ అని చట్టం. హోటళ్ళు ఆ పట్టీని లీజుకి తీసుకుంటాయి. చేతికి హోటలు పట్టీ కట్టుకున్న నేను లోపల్నుంచి సలాం కొట్టించుకుని ఇసకలోకి దిగితే, ఆ ఊరి కుటుంబం ఆదివారం చాపలూ గిన్నెలూ పట్టుకుని చుట్టూ తిరిగి, పక్క సందులోంచి అదే ఇసకలోకి వచ్చింది. వాళ్ళు రావడం చూసి, ‘ఇక్కడ పబ్లిక్ కూడా వస్తారా?’ అని మనవాళ్ళొకరు అడిగారు. పబ్లిక్ అంటే ఎవరు?

రెండో రకం యాత్రికుల గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. వీళ్ళు బీచి కోసం వెళ్ళరు, తెలుగు కోసం వెళ్తారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. బళ్ళలో తెలుగు చెప్తారు. అన్నీ నిజాలే, సంతోషించాల్సినవే. కానీ ఈ రకం వ్యాసాల్లో మారిషస్ తెలుగువాడు ఎప్పుడూ మనకి పరీక్ష రాస్తూనే ఉంటాడు. తెలుగు మాట్లాడితే ‘అహో, ఖండాంతరాల్లో తెలుగు వెలుగు!’ మాట్లాడకపోతే ‘అయ్యో, మాతృభాష మరిచాడు!’ ఏది రాసినా అది మన గురించే.

నేనూ ఆ పరీక్ష పెట్టాను. కారు అప్పగించిన కుర్రాడి చొక్కా మీద ఉన్న పేరు చూసి, మనవాడే అని పోల్చుకుని, ‘తెలుగు వచ్చా?’ అన్నాను. రాదన్నాడు. వాళ్ళ నాయనమ్మ పాటలు పాడేదట. సింహాద్రి అప్పన్న పూజనాడు రాత్రంతా దీపం చుట్టూ తిరుగుతూ రామభజనం చేస్తారట. ఆ పాటలు తనకీ వచ్చట, అర్థం తెలియదట. నేను ‘అయ్యో’ అన్నాను. ఆ కుర్రాడు నవ్వుతూనే, ‘మీకు క్రియోల్ వచ్చా సార్?’ అన్నాడు. రాదన్నాను. ‘బుక్కు కొనుక్కోండి, నేర్చుకోవచ్చు,’ అన్నాడు. వెటకారం ఏమీ లేదు. నిజంగానే చెప్పాడు.

ఆలోచిస్తే ఆ భాష పాపం పుణ్యం అంతా అందులోనే ఉంది. బానిసలూ యజమానులూ ఒకళ్ళకొకళ్ళు అర్థం కావాల్సి వచ్చి పుట్టిన భాష. తర్వాత భోజ్‌పురివాడూ, తమిళుడూ, మరాఠీవాడూ, మనవాడూ, చైనావాడూ కలిసి బతకడానికి వాడుకున్న భాష. మన కోరంగి కూలీ మనవరాలు ఏ భాషలో గోరుముద్దలు పెడుతుందో ఆ భాష ఆవిడది. దాన్ని చూసి మనం జాలిపడటం ఏమిటి?

నతాషా అప్పన్న అని ఒక నవలా రచయిత్రి ఉన్నారు. మారిషస్‌లో మయేబూర్‌లో 1973లో పుట్టారు. ఫ్రెంచిలో రాస్తారు. ఇంటిపేరులోనే సింహాచలం ఉంది. ఆవిడ మొదటి నవల ‘లే రోషే ద పూద్ర్ దోర్’ 2003లో వచ్చింది. కూలీలుగా వెళ్ళిన భారతీయుల కథ. మారిషస్‌లో రాయి తిరగేస్తే బంగారం దొరుకుతుందని చెప్పి ఓడెక్కించారన్న మాట ఆ కుటుంబాల్లో తరతరాలుగా ఉంది. ఆ రాళ్ళే చెరుకు తోటలో నేను గుడి అనుకున్నవి. 2023లో వచ్చిన ‘లా మెమ్వార్ దెలావే’లో ఆవిడ సూటిగా సొంత పూర్వీకుల గురించి, 1872లో ఆ దీవిలో దిగిన మనుషుల గురించి రాశారు. ఈ పుస్తకాలు మన బుక్‌షాపుల్లో నాకు ఎక్కడా కనిపించలేదు. తెలుగు సభల్లో ఎవరి నోటా ఆ పేరు వినలేదు. ఆవిడ తెలుగులో రాయలేదు కాబట్టి మన లెక్కలోకి రాలేదన్న మాట. మన కథ రాసినావిడని వదిలేసి, మన భాష గుర్తున్నవాళ్ళ కోసం వెతుక్కుంటున్నాం.

అందుకని నేను అడిగేది పెద్దదేం కాదు. కారు తీసుకోండి. చుట్టు తిరగండి. కాకపోతే ఒకరోజు జాబితా ఇంట్లో పెట్టి, చెరుకు మధ్య ఏదో ఒక ఊళ్ళో ఆపండి. దాల్ పూరీ బండి దగ్గర నిలబడి తినండి. ఆ 16 మెట్ల దగ్గరికి వెళ్ళండి. ఎవరినైనా ‘తెలుగు వచ్చా?’ అని అడిగేముందు క్రియోల్‌లో నాలుగు ముక్కలు నేర్చుకోండి. తిరిగొచ్చాక రాస్తే, ఆ ఒక్క ఊరి గురించి రాయండి. అక్కడెవరున్నారు, ఏం తింటున్నారు, చెరుకు రేటు పడిపోయాక పిల్లలు ఏ పనికి వెళ్తున్నారు. గ్రాండ్ బే గురించి ఇంకెవరో రాస్తారులెండి.

ఆఖరి రోజు కారు తిరిగి ఇచ్చినప్పుడు ఆ కుర్రాడే వచ్చాడు. గీతలేమైనా పడ్డాయేమో చుట్టూ తిరిగి చూశాడు. పెట్రోలు చూశాడు. మీటరు రాసుకున్నాడు: 618 కిలోమీటర్లు. ఏమేం చూశారు సార్ అని అడిగాడు. నేను జాబితా అప్పజెప్పాను. అన్నీ విన్నాడు. ‘మా ఊరి మీదుగానే వెళ్ళుంటారు,’ అన్నాడు. ఏ ఊరని అడగాల్సింది. విమానానికి టైమవుతోందని అడగలేదు.